బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు కొత్త స్టాక్: కృష్ణా తీరపు వాతావరణంలో ఎంపిక, కొలతలు, బిగింపు

స్టాక్, అంటే రైఫిల్ ఇనుప భాగాలను పట్టి ఉంచే కర్ర లేదా ప్లాస్టిక్ దిమ్మె, మార్చాలన్న ఆలోచన ఊరికే రాదు. బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మెడ దగ్గర నెర్రె కనిపిస్తుంది. లేదా తాతల నాటి రైఫిల్‌కు టెలిస్కోప్ పెట్టించాక చెంప ఆనే చోటు దొరకదు. లేదా మే నెలలో కుదిరిన గురి ఆగస్టుకల్లా నాలుగు వేళ్ళు పక్కకు జరిగిపోతుంది. మొదటి రెండింటికీ కొత్త స్టాక్ అవసరం కావచ్చు. మూడోదానికి చాలాసార్లు ఒక టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే పానా) సరిపోతుంది. అందుకే డబ్బు బయటికి తీసేముందు కొన్ని పనులు వరసగా చేసుకోవాలి.

ముందు కాగితాలు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో వేట లేదు. పంట తొక్కే అడవి పంది విషయంలో కూడా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప తుపాకీ ఎత్తకూడదు. వేట రైఫిల్ అన్న పేరు మిగిలింది, వాడకం మాత్రం షూటింగ్ రేంజికీ రక్షణకీ పరిమితం. స్టాక్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే మేలు. కొండలెక్కి మోసేవాళ్ళ కోసం చేసిన అతి తేలిక స్టాక్ మీద మన దగ్గర డబ్బు పోయడంలో అర్థం లేదు.

1959 ఆయుధాల చట్టం ‘ఆయుధాలు’ అన్నప్పుడు వాటి భాగాలను కూడా కలిపే చెప్పింది. విదేశీ సైటులో స్టాక్ చూసి ముచ్చటపడి ఆర్డర్ పెట్టేస్తే అది కస్టమ్స్ దగ్గర ఆగుతుంది, జవాబు చెప్పుకోవలసింది మీరే. లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ ద్వారానే తెప్పించుకోండి. తుపాకీ మరమ్మతుకు కూడా విడిగా లైసెన్సు ఉండాలి కాబట్టి పని ఎంత చిన్నదైనా రైఫిల్‌ను ఆటోనగర్ లేత్ షాపుకో, తెలిసిన వడ్రంగి దగ్గరకో పట్టుకెళ్ళకండి. మీరు వెళ్ళలేకపోతే మీ రాతపూర్వక అధికారంతో వేరొకరు లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారు (గన్‌స్మిత్) దగ్గరకు తీసుకెళ్ళడానికి చట్టంలోనే వీలుంది. సందేహం వస్తే అడగవలసింది లైసెన్సు ఇచ్చిన అధికారిని: విజయవాడ కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేని చోట జిల్లా మేజిస్ట్రేట్. స్టాక్ మార్చినా యాక్షన్ (బోల్ట్ ఆడే ఇనుప భాగం) మీది, బ్యారెల్ మీది నంబర్ల జోలికి పోకుండా ఉండాలి. బ్యారెల్ పొడవు తగ్గించే మాటే వద్దు, అది వేరే నేరం.

తప్పు స్టాక్‌దేనా?

మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసి, బోల్ట్ (పిడి పట్టి ముందుకీ వెనక్కీ ఆడించే ఇనుప కడ్డీ) బయటికి లాగి పక్కన పెట్టండి. బోల్ట్ తిరిగి వేయమని చెప్పిన చోట తప్ప ఇక్కడి నుంచి ప్రతి పనీ ఈ స్థితిలోనే చేయాలి.

మొదట యాక్షన్‌ను స్టాక్‌కు పట్టి ఉంచే స్క్రూలు (యాక్షన్ స్క్రూలు) చూడండి. కర్ర స్టాక్ ఎండాకాలంలో ఆరి కుదించుకుంటుంది, స్క్రూ కింద సందు పడుతుంది. చేత్తో తిప్పితేనే పావు చుట్టు తిరిగిందంటే గురి ఎందుకు చెదిరిందో దాదాపు తేలినట్టే. తర్వాత ఒక కాగితం ముక్కను బ్యారెల్ కిందుగా పెట్టి ఫోర్ ఎండ్ (స్టాక్‌లో బ్యారెల్ కింద ఉండే ముందు భాగం) కొస నుంచి వెనక్కి లాగండి. ఒక పక్కన మాత్రమే పట్టేస్తే స్టాక్ మెలి తిరిగి బ్యారెల్‌ను నెడుతోందన్నమాట. బ్యారెల్ వేడెక్కేకొద్దీ గుళ్ళు ఒకే దిక్కుకు వరసగా పాకడం దీని గుర్తు. ఛానెల్‌ను (బ్యారెల్ కూర్చునే గాడిని) కాస్త గీకి, గీకిన చోట పాలిష్ పట్టిస్తే పాత స్టాకే నడుస్తుంది.

నెర్రెలకు ఒక తేడా ఉంది. ట్యాంగ్ (యాక్షన్ వెనక తోకలాంటి కొస) వెనక వెంట్రుకంత చీలిక ఉంటే ఎపాక్సీతో అతికి, ట్యాంగ్ వెనక అర మి.మీ. ఖాళీ ఇస్తే చాలు. మెడకు అడ్డంగా పోయిన నెర్రెను మాత్రం అతుకు నమ్మి వాడకూడదు.

మీ యాక్షన్ ఏ కుటుంబానిది

‘బోల్ట్ యాక్షన్‌కు సరిపోతుంది’ అని పెట్టె మీద రాసి ఉంటే దానికి విలువ లేదు. స్టాక్ సరిపోవలసింది మీ యాక్షన్‌కు. అడుగు గుండ్రమా, చదునా? రెమింగ్టన్ 700 గుండ్రం. మౌజర్ 98, వించెస్టర్ 70 చదును. ఒకదాని స్టాక్‌లో ఇంకొకటి కూర్చోదు, కూర్చోబెడితే ఊగుతుంది. పొట్టి యాక్షనా, పొడవు యాక్షనా? స్క్రూల నడిమి దూరం మధ్య నుంచి మధ్యకు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. స్క్రూ మరలు కూడా తలో తీరు: రెమింగ్టన్ 700కు అంగుళానికి 28, మౌజర్ 98కి 22, వించెస్టర్ 70కి 32. మూడూ పావు అంగుళం స్క్రూలే కాబట్టి ఒకదాని స్క్రూ ఇంకొకదానిలో ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, ఆ తర్వాత రెంచితో బలవంతం చేస్తే యాక్షన్ మరలు పాడవుతాయి. ఫ్లోర్ ప్లేట్ (మ్యాగజైన్ కింది మూత పలక) ఉందా, మ్యాగజైన్ ఊడి వస్తుందా, బ్యారెల్ సన్నమా లావా అన్నవి కూడా అదే కాగితం మీద రాయండి. లావు బ్యారెల్‌కు ఛానెల్ వెడల్పు చేయవచ్చు, సన్న బ్యారెల్‌కు వెడల్పు ఛానెల్ కొంటే చూడటానికి వెలితిగా ఉంటుంది కానీ గురికి నష్టం లేదు.

మన వైపు ఎక్కువగా కనిపించేది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్. దానికి పైన చెప్పినవేవీ వర్తించవు. దాని మూలం లీ ఎన్‌ఫీల్డ్, స్టాక్ రెండు ముక్కలు: వెనక బట్, ముందు ఫోర్ ఎండ్, మధ్యలో ఇనుప సాకెట్. విడి స్టాక్ అని ఒకే ముక్కను చూపిస్తే అది దీనికి కాదు.

దీన్ని విప్పడంలో ఒక క్రమం ఉంది, అది తప్పితే మంచి కర్ర కూడా చీలుతుంది. నంబర్ 1 తరహా లీ ఎన్‌ఫీల్డ్‌లలో బట్‌ను పట్టి ఉంచే పొడవాటి స్టాక్ బోల్ట్ ముందు కొస చదరంగా ఉంటుంది. అది సాకెట్ దాటి వచ్చి ఫోర్ ఎండ్ వెనక అమర్చిన చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. ఫోర్ ఎండ్ ఉండగానే బోల్ట్‌ను తిప్పితే చదరపు కొస ఆ పలకను మెలిపెట్టి ఫోర్ ఎండ్ వెనక భాగాన్ని రెండుగా చీలుస్తుంది. మీ రైఫిల్‌లో ఆ పలక ఉందో లేదో కంటితో చూసేదాకా ఉందనే అనుకోండి. ముందు బ్యాండు, తర్వాత ట్రిగ్గర్ గార్డ్ స్క్రూలు, ఆపైన ఫోర్ ఎండ్‌ను కిందికి సమంగా దించడం, చివరికి బట్: ఇదీ వరస. బట్ ప్లేట్ తీశాక రంధ్రంలో ఫెల్ట్ లేదా తోలు బిళ్ళ అడ్డముంటుంది, అది తీయకుండా స్క్రూడ్రైవర్ దింపితే జారుతుంది. బోల్ట్ గాడిని పూర్తిగా నింపే వెడల్పు మొన ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ కావాలి.

లీ ఎన్‌ఫీల్డ్ మిలిటరీ బట్‌లు పొడవును బట్టి నాలుగు రకాలుగా వచ్చేవి. మామూలుదానికంటే అర అంగుళం పొడవైనదాని మీద ఎల్, అర అంగుళం పొట్టిదాని మీద ఎస్, అంగుళం పొట్టిదాని మీద బి అని అచ్చు ఉంటుంది. పొట్టి చేతులవాళ్ళకు ఎస్ గుర్తు బట్ దొరికితే కోత పని తప్పుతుంది. అయితే సాకెట్‌లోకి వెళ్ళే మొన మాత్రం ప్రతి రైఫిల్‌కూ రాసి సరిచేయవలసిందే.

అది ఇలా. దీపం మసిని రెండు చుక్కల నూనెలో కలిపి సాకెట్ లోపల పలచగా పూయండి. కాటుకైనా పనికొస్తుంది. బట్‌ను చేత్తో నెట్టి, రబ్బరు సుత్తితో ఒక దెబ్బ వేసి బయటికి లాగండి. మొన మీద ఎక్కడ నల్లగా అంటిందో అక్కడే ఎత్తు ఉంది. అంత మేరే సన్నటి ఆకురాయితో గీకి మళ్ళీ పెట్టండి. మొదట్లో రెండు మూడు చుక్కలే అంటుతాయి, గీకేకొద్దీ మచ్చలు పరుచుకుంటాయి. నాలుగు పక్కలా సమానంగా నలుపు అంటాకే స్టాక్ బోల్ట్ బిగించాలి. మచ్చ లేని చోట గీకితే బట్ వదులవుతుంది, ఇక ఎంత బిగించినా కిర్రుమంటూనే ఉంటుంది.

ఫోర్ ఎండ్‌లో చూడవలసింది లోపల వెనక ఉండే రెండు ఆనుడు ముఖాలు. పేలినప్పుడు వెనక్కి తన్నే బరువంతా వీటి మీదే పడుతుంది. రెండూ యాక్షన్‌కు ఒకేలా తగలాలి, ఫోర్ ఎండ్ వెనక అంచు మాత్రం సాకెట్‌ను తాకకూడదు. వాడిన ఫోర్ ఎండ్ కొంటే ఈ ముఖాలు నూనె నాని మెత్తబడ్డాయేమో గోరుతో నొక్కి చూడండి. గోరు దిగితే వెనక్కి ఇచ్చేయండి.

ఒంటి కొలతలు

ట్రిగ్గర్ నుంచి బట్ వెనక అంచు మధ్య దాకా ఉండే దూరం మొదటి కొలత. అమెరికన్ కంపెనీల స్టాక్‌లు సుమారు 13.5 అంగుళాలకు, అంటే 343 మి.మీ.కు వస్తాయి. అయిదున్నర అడుగుల మనిషికి 12.75 నుంచి 13.25 అంగుళాలు హాయిగా ఉంటుంది. మోచేయి మడిచి ముంజేతి మీద బట్ పెట్టి చూసే పద్ధతి ఉజ్జాయింపుకే. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, తల సహజంగా వాలిన చోట ఆపి కళ్ళు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా ఉందా, చుట్టూ నల్లటి నీడ ఉందా? మామూలు స్కోప్‌కు కన్ను మూడు నుంచి మూడున్నర అంగుళాల దూరంలో ఉండాలి. బట్ మరీ పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు తగులుతుంది, స్కోప్ అంచు కనుబొమను కోస్తుంది. మరీ పొడవైతే మెడ ముందుకు సాగి, బట్ భుజం గుంట వదిలి చేతి కండ మీదకు జారుతుంది. కొత్తగా రబ్బరు ప్యాడ్ పెట్టబోతుంటే దాని మందం, సాధారణంగా ఒక అంగుళం, ముందే తీసేసి లెక్క వేయండి.

చెంప ఆనే అంచు ఎత్తు రెండోది. పాత రైఫిళ్ళ అంచు ఇనుప సైట్ల కోసం కిందికి వంచి ఉంటుంది. స్కోప్ పెట్టగానే కన్ను అంతకంటే పైకి లేవాలి, చెంప ఆనదు, గడ్డం ఆనుతుంది. కొత్త స్టాక్ కొనేముందు పాతదాని మీదే అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి టేపు చుట్టండి. కన్ను తనంతట తాను స్కోప్ నడుముకు వచ్చేదాకా పేర్చి, ఆ మందం కొలిస్తే మీకు ఎంత ఎత్తు అంచు కావాలో మి.మీ.తో సహా తెలుస్తుంది. ఇక్కడే బోల్ట్‌ను వేసి, వెనక్కి లాగి బయటికి తీసి చూడండి. ఎత్తైన అంచు బోల్ట్‌కు అడ్డం పడుతుందన్నది చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. అడ్డం పడితే ఎత్తు సర్దుకునే చెంప ముక్క ఉన్న స్టాక్ కావాలి, లేదా అంచులో గాడి తీయించాలి.

ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు లైసెన్సుదారులు ఒకే రైఫిల్ మీద సాధన చేస్తుంటే పొడవు, ఎత్తు రెండూ సర్దుకునే స్టాక్ తప్ప మరేదీ అందరికీ కుదరదు. ఎడమ చేతివాటం వాళ్ళు బట్ పక్కకు వంగి ఉందేమో చూసుకోవాలి, ఆ వంపు కుడిచేతి వాళ్ళ కోసం చేసినదై ఉంటుంది.

కర్రా, ప్లాస్టిక్కా

విజయవాడ మే ఎండకు కర్ర లోపలి తడి పోతుంది, జూలై నుంచి అక్టోబరు దాకా మళ్ళీ పీలుస్తుంది. పొడవునా కర్ర పెద్దగా మారదు కానీ అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గుతుంది. బ్యారెల్‌ను పక్కకు నెట్టేదీ స్క్రూలను వదులు చేసేదీ ఈ అడ్డపు కదలికే. కాబట్టి కర్ర స్టాక్ కొనాలంటే కదలిక తక్కువ ఉన్న కర్ర, బాగా ఆరిన కర్ర కావాలి.

అక్రోటు (వాల్‌నట్) కర్రకు ఉన్న పేరు ఊరికే రాలేదు: బరువు మధ్యస్థం, అదురుకు చీలదు. జిట్రేగి (రోజ్‌వుడ్) గట్టిది, అందమైనది, కానీ బరువు. టేకు కదలదు, చెద పట్టదు, అయితే నార వెంట చీలే గుణం ఉంది. పైగా దాని సహజ నూనె వల్ల ఎపాక్సీ పట్టదు, అతికించే ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి వెంటనే పూయాలి. మన పక్కనే కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఎంత తేలికగా చెక్కుడు పడినా ఈ పనికి పనికిరాదు, స్క్రూ బిగిస్తేనే అణిగిపోతుంది.

దిమ్మె చూసేటప్పుడు నార మెడ గుండా ఎలా పోతోందో చూడండి. అది మెడ వంపుతో పాటు కిందికి దిగాలి. మెడకు అడ్డంగా కోసుకుపోతే ఎంత మంచి కర్రైనా అక్కడే విరుగుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద వారానికోసారి తూచండి. వరసగా మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే పని మొదలుపెట్టవచ్చు. పాలిష్ విషయంలో అందరూ పైభాగం నిగనిగలాడిస్తారు, బ్యారెల్ ఛానెల్, మ్యాగజైన్ గుంట, బట్ ప్యాడ్ కింది అడ్డకోత ముఖం పచ్చిగా వదిలేస్తారు. తడి దూరేది అక్కడే. పాలియురిథేన్ పాలిష్‌ను పలచన చేసి ఆ ముఖాలకు రెండు మూడు పూతలు వేయాలి. అవిసె నూనె అందం ఇస్తుంది, తడిని మాత్రం పెద్దగా ఆపదు.

లామినేటెడ్ స్టాక్ అంటే పలచని పొరలను జిగురుతో ఒత్తి చేసినది. ఘన కర్రకంటే చాలా తక్కువగా కదులుతుంది, ఓ పావు కేజీకి పైగా బరువు ఎక్కువ ఉంటుంది. రేంజిలోనే వాడేవాళ్ళకు ఆ బరువు నష్టం కాదు, తన్ను తగ్గుతుంది. కర్ర చూపు కావాలి, కృష్ణ పక్కన ఉండాలి అనుకునేవాళ్ళకు మా ఓటు దీనికే.

సింథటిక్‌లో రెండు జాతులు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ స్టాక్ చవక, తడికి లొంగదు, కానీ ఫోర్ ఎండ్ వంగుతుంది. స్లింగ్ (మోసే పట్టీ) బిగించి లాగినా బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండు) మీద బరువు వేసినా బ్యారెల్‌ను తాకుతుంది, ఎండలో వేడెక్కితే ఇంకా మెత్తబడుతుంది. కొనేముందు ఫోర్ ఎండ్‌ను, బ్యారెల్‌ను కలిపి గుప్పిట పట్టి నొక్కండి. రెండూ కలిస్తే వద్దు. ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ పొరలతో చేసినది, లోపల అల్యూమినియం బ్లాక్ ఉన్నది ఈ జబ్బుకు లోనుకాదు, ధర కూడా అలాగే ఉంటుంది. పూర్తి అల్యూమినియం చాసిస్ స్థిరంగా ఉంటుంది కానీ మే నెలలో ఆరుబయట రేంజిలో చెంప పెట్టలేనంత కాలుతుంది.

బెడ్డింగ్

కొత్త స్టాక్‌లో యాక్షన్ ఊగకుండా, ఒత్తిడి లేకుండా కూర్చోవాలి. కొన్న స్టాక్ ఎంత ఖరీదైనదైనా ఇది చూసుకోవలసిందే. ముందు స్క్రూ వదులు చేస్తూ బ్యారెల్‌కూ ఫోర్ ఎండ్‌కూ మధ్య డయల్ గేజ్ పెట్టండి. ముల్లు 0.05 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే యాక్షన్ వంగి ఉన్నట్టు, బెడ్డింగ్, అంటే యాక్షన్ సరిగ్గా కూర్చునేలా దాని కింద ఎపాక్సీ పడక పోయడం, చేయించాలి.

కర్ర స్టాక్‌కు ముందు పిల్లర్లు: స్క్రూ చుట్టూ అల్యూమినియం గొట్టాలు. కర్ర ఉబ్బినా తగ్గినా స్క్రూ బిగువు మారకుండా చూసేవి ఇవే. మన వాతావరణంలో కర్ర స్టాక్‌కు పెట్టే ఖర్చులో మొదటి రూపాయి వీటికే వెళ్ళాలి.

తర్వాత ఎపాక్సీ. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, నెమ్మదిగా ఆరే రకం కావాలి. రీకాయిల్ లగ్ (యాక్షన్ కింద తన్నును స్టాక్‌కు అందించే ఇనుప దిమ్మ) ముందు, పక్కలు, అడుగు మూడింటికీ ఇన్సులేషన్ టేపు రెండు పొరలు అంటించండి, వెనక ముఖానికి వద్దు. ఒక పొర సుమారు 0.13 మి.మీ. ఉంటుంది. టేపు తీశాక లగ్ వెనక ముఖం మాత్రమే గట్టిగా ఆనుతుంది. టేపు లేకుండా పోస్తే యాక్షన్ మళ్ళీ బయటికి రావడమే కష్టం, వచ్చినా అడుగున పడిన చిన్న నలుసు మీద ఊగుతుంది. స్క్రూ రంధ్రాలు, ట్రిగ్గర్ గుంట, మరలు ఉన్న ప్రతి చోటూ పిల్లలు ఆడుకునే మట్టి ముద్దతో నింపి, ఎపాక్సీ తగలగల ప్రతి ఇనుప ముఖానికీ మైనం రకం బూట్ పాలిష్ రెండుసార్లు పట్టించి తుడవండి. ఇది ఒక్క చోట మరిచినా యాక్షన్ స్టాక్‌కు శాశ్వతంగా అతుక్కుంటుంది.

ఎపాక్సీ చల్లదనంలో నిదానిస్తుంది, వేడిలో తొందరపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం దాదాపు సగమవుతుంది. మే మధ్యాహ్నం కలిపితే పూసేలోపే జిగటెక్కుతుంది, తెల్లవారుజామునో ఏసీ గదిలోనో చేయండి. యాక్షన్‌ను దించాక స్క్రూలు గట్టిగా బిగించకూడదు, వేళ్ళతో ఆనించినంతే. గట్టిగా బిగిస్తే వంగిన యాక్షన్‌కు అచ్చు పోసినట్టవుతుంది. పక్కల కారినదాన్ని జిగటగా ఉండగానే తీసేసి, ఒక రోజు కదపకండి.

బ్యారెల్ ఛానెల్‌లో ఖాళీ సింథటిక్‌కు ఒక మి.మీ., కర్రకు ఒకటిన్నర మి.మీ. ఇవ్వండి. బ్యారెల్ కింద ఒక కరెన్సీ నోటు దూరితే చాలన్న మాట పొడి ప్రదేశాల వాళ్ళది. .315 లాంటి రెండు ముక్కల రైఫిల్‌కు ఈ లెక్క పెట్టకండి, దాని ఫోర్ ఎండ్ ఆనుడు పద్ధతి వేరు.

బిగింపు

మూతి పైకి పెట్టి రైఫిల్‌ను నిలబెట్టి, బట్‌ను చాప మీద రెండుసార్లు తట్టండి. లగ్ వెనక్కి వెళ్ళి తన చోట కూర్చుంటుంది. ముందు స్క్రూ, తర్వాత వెనక స్క్రూ, రెండు మూడు విడతల్లో బిగించాలి. పిల్లర్లు లేని కర్రకు 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు, పిల్లర్లు లేదా అల్యూమినియం బ్లాక్ ఉంటే 7 దాకా, .22 రైఫిళ్ళకు 2 నుంచి 2.8. కంపెనీ వేరే అంకె ఇస్తే అదే పాటించండి. రూగర్ 77 ముందు స్క్రూ ఏటవాలుగా ఉంటుంది, దాన్ని పూర్తిగా బిగించాకే మిగతావి ముట్టాలి.

ఇప్పుడు బోల్ట్ వేసి ఆడించండి. స్క్రూలు బిగించాక బోల్ట్ బరువెక్కితే స్క్రూ పొడవైందని అర్థం, దాని కొస బోల్ట్‌ను తాకుతోంది. అరగదీయవలసింది స్క్రూనే. బోల్ట్ పిడి స్టాక్ గాడిలో ఎక్కడా ఆనకూడదు. మ్యాగజైన్ పెట్టె యాక్షన్‌కూ ఫ్లోర్ ప్లేట్‌కూ మధ్య నలగకుండా వేలితో కదిపితే రవ్వంత కదలాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగి, వదిలి, సేఫ్టీ తీసి చూడండి. అప్పుడు టక్‌మంటే ట్రిగ్గర్ ఎక్కడో స్టాక్‌కు రాసుకుంటోంది, ఆ రైఫిల్‌లో తూటా పెట్టకూడదు. అంతా సరిగా ఉంటే స్క్రూ తల మీద, పక్క లోహం మీద కలిసేలా గోళ్ళ రంగుతో ఒక గీత గీయండి. గీత విడిపోతే స్క్రూ తిరిగినట్టు.

పేల్చి చూడడం రేంజిలోనే. మామిడి తోటలో, కృష్ణ ఇసుక తిన్నెల మీద సరదాగా ఒక్కటి అనుకుంటే లైసెన్సు పోతుంది, గుండు ఎక్కడ ఆగుతుందో కూడా మీ చేతుల్లో ఉండదు. మొదట 25 మీటర్ల దగ్గర మూడు, తర్వాత 100 మీటర్ల దగ్గర అయిదేసి చొప్పున రెండు గ్రూపులు, మధ్యలో బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి. మొదటి ఇరవై గుళ్ళ తర్వాత స్క్రూలు మరోసారి చూడాలి, కొత్త కర్ర కాస్త అణుగుతుంది.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించమంటారు, వారాల తరబడి అక్కడే ఉంటాయి. ఇచ్చేముందు లోహానికి నూనె పట్టించి స్క్రూల టార్క్ రాసి పెట్టుకోండి. గుడ్డ సంచిలో మూతి కట్టి ఇవ్వకండి, తడి లోపలే నిలుస్తుంది. తిరిగి తెచ్చుకున్నాక కర్ర స్టాక్‌ను వారం రోజులు ఇంటి గాలికి ఆరనిచ్చి, అప్పుడు బిగింపు చూసి జీరో (గురి అమరిక) సరిచేసుకోవాలి. తెచ్చిన రోజే బిగిస్తే కర్ర ఆరాక మళ్ళీ వదులవుతుంది.